అవి దిష్టి చుక్కలు కావు

మా ఊళ్ళో ఇప్పటికీ ఎవరైనా ఆ ఓడ మాట ఎత్తితే "మీ అయ్య సేసినాడు కదా, ఎంత పనోడో" అంటారు. అంటే అననీ అని ఊరుకోవచ్చు. మనుమలెత్తిన దాన్ని, ఊరుకునే వయసే. కానీ నాకు అక్షరాలు ముప్పై ఏళ్ళు దాటాక వచ్చాయి గానీ కోపం పుట్టుకతోనే వచ్చింది. అందుకని రాస్తున్నాను. ఆ ఓడ నేను చేశాను. అడుగు దూలం నుంచి తెరచాప కర్ర దాకా నా చేతులే.

మా అయ్య బారువ రేవులో పడవలు కట్టే వడ్రంగి. ఆ రోజుల్లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా సముద్రంలో ఆగేవి. ఒడ్డు నుంచి వాటి దాకా బస్తాలు చేరవేసేవి మా పడవలే. వాటికి ఒక్క మేకు ఉండదు. పలక అంచుకు పలక అంచు ఆనించి, వరసగా బెజ్జాలు వేసి, కొబ్బరి తాడుతో కుట్టేస్తాం. మా ఒడ్డున అల కొట్టే దెబ్బకి మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి మళ్ళీ సర్దుకుంటుంది. పలకలు కోయడం మగవాళ్ళ పని. తాడు పేనడం, కుట్టడం ఆడవాళ్ళం కూడా చేసేవాళ్ళం. మా ఆయన పెళ్ళైన రెండో ఏడే కూలికి ఓడెక్కి బర్మాలో రంగం వెళ్ళి అక్కడే ఉండిపోయాడు కాబట్టి నేను పుట్టింట్లోనే ఉండి, కుట్టుతో పాటు ఉలి పట్టడం కూడా నేర్చుకున్నాను. నేర్పింది మా అయ్యే. ఆ సంగతి నేను కాదనను.

ఒక ఏడు మా అయ్యకు జ్వరం వచ్చి, తగ్గింది గానీ కీళ్ళు పట్టేశాయి. కుడిచేతి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. అన్నం కలుపుకోగలడు, ఉలి పట్టుకోలేడు. ఈ మాట మేము బయటికి పొక్కనివ్వలేదు. రేవులో పడవలన్నీ బంగళావారివి. ఉద్దానం తోటల్లో, మా ఊరికి రెండు కోసుల దూరంలో వాళ్ళ బంగళా, టెక్కలి దాకా వాళ్ళ భూములు. వాళ్ళ పడవల మరమ్మతు మా తాత నాటి నుంచి మా ఇంటిదే. మా అయ్య చెయ్యి పడిపోయిందని వాళ్ళ గుమస్తాకు తెలిస్తే మర్నాటికి ఆ పని ఇంకొకరికి పోతుంది. మా అయ్య రోజూ రేవుకు వెళ్ళి, చెయ్యి పంచె మడతలో దాచుకుని, ఎడమ చేత్తో చూపిస్తూ పనివాళ్ళ చేత చేయించేవాడు.

అలాంటప్పుడు వచ్చాడు గుమస్తా, చేతిలో ఒక పటం పట్టుకుని. మూడు తెరచాప కర్రల ఓడ బొమ్మ. బంగళా బాబుగారి హాల్లో పెట్టడానికి అచ్చం అలాంటి ఓడ కావాలట, రెండు మూరల పొడవు. రంగు వెయ్యకూడదు. పసుపు కర్ర, నల్ల కర్ర కలిపి, చారలు చారలుగా కర్ర రంగే కనపడాలి. మా అయ్య పటం చూస్తూ సరే సరే అంటున్నాడు. గుమస్తా వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి అన్నాడు.

"ఒక మాట. ఇది సక్కటి ఓడ. మీ గుడ్డపీలికల పడవనాగ కుట్టీసి తెచ్చినావంటే బాబుగారు పొయ్యిలో ఎట్టించీగల్రు."

మా అయ్య నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు అర్థం కాలేదు. ఆ గుడ్డపీలికల పడవలు లేకపోతే వాళ్ళ బస్తా ఒక్కటి ఓడ ఎక్కేది కాదు. నేను ఆ మాటే అన్నాను, గుమస్తా వీధి మలుపు తిరిగాక. మా అయ్య "ఒగ్గీయే" అన్నాడు.

"నువ్వెలా సేత్తావయ్యా?" అన్నాను.

"నానెక్కడ సేత్తాను? నువ్వు సేత్తావు" అన్నాడు, పక్కింటి నుంచి ఉప్పు తెమ్మన్నట్టు.

ఒప్పుకున్నాను. ఆ రోజు నాకు కోపం రాలేదు. ఆ ముడుచుకుపోయిన చెయ్యి కనపడుతుంటే కోపం ఎలా వస్తుంది? పైగా మనసులో కొంచెం ఆశ కూడా పడ్డాను. నా చేత్తో అలాంటిది ఒకటి చెయ్యగలనా అని.

పసుపు రంగుకు పనస కర్ర తీసుకున్నాం. నలుపుకు చింత చేవ. చింతచెట్టు నడిమధ్య ఉండే ఆ నల్లటి గట్టి భాగం ఉందే, అంత మొండి కర్ర ఇంకోటి లేదు. పనస మాట వింటుంది. నీళ్ళలో నానబెట్టి, కొబ్బరి చిప్పల నిప్పులు పోసిన కుండ పొట్టకు ఆనిస్తే మెల్లగా వంగి, అలాగే ఆరుతుంది. చింత చేవ వంగినట్టే వంగి, మనం అటు తిరగ్గానే మళ్ళీ నిటారుగా నిలబడుతుంది. రోజుకు ఒక బద్ద వంగితే గొప్ప. ఎన్ని విరిగాయో, ఎన్నిసార్లు వేళ్ళు కాలాయో చెప్పడం మొదలుపెడితే ఇప్పుడు కూడా ఒళ్ళు మండుతుంది.

ముందు ఓడకు వంపు చెక్కలు నిలబెట్టాం, పక్కటెముకల్లాగ. వాటి మీద బద్దలు పరుచుకుంటూ రావాలి. మా పడవలకు ఎముకలు ఉండవు, చర్మమే మొదట. అందుచేత నాకు తోచింది నేను చేశాను. మొదటి రెండు బద్దల అంచుల వెంట సన్నటి బరమాతో బెజ్జాలు వేసి, వల దారంతో కుట్టడం మొదలుపెట్టాను. అలవాటు. చెయ్యి దానంతట అది పోయింది. సగం కుట్టేసరికి మా అయ్య రేవు నుంచి వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏటే సేత్తన్నావు? ఆడేటి సెప్పినాడు, నువ్వేటి సేత్తన్నావు? దీనికి కుట్లేటే? ఇప్పీ, ఇప్పీ!"

విప్పేశాను. ఆ రెండు బద్దలూ పోయాయి. ఆ తర్వాత కాచిన జిగురు రాసి, వంపు చెక్కకు సన్నటి వెదురు మేకులతో బిగించాను. రెండు పసుపు, ఒక నలుపు, మళ్ళీ రెండు పసుపు. కుడివైపు ఒకటి వేస్తే వెంటనే ఎడమవైపు దాని జత వెయ్యాలి, లేకపోతే ఓడ ఒక పక్కకు మెలి తిరుగుతుంది. ఇంకో చిక్కు ఉంది. ఓడ నడుము దగ్గర లావు, ముక్కు దగ్గర సన్నం. బద్ద అంతా ఒకే వెడల్పు ఉంటే ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ప్రతి బద్దనూ రెండు కొసలా సన్నగా చెక్కుకుంటూ రావాలి. ఎంత సన్నగా అన్నది ఏ పటంలోనూ ఉండదు. వేలితో తడిమి తెలుసుకోవాలి. మా అయ్య పీట మీద కూర్చుని "ఇంకాస్త, ఇంకాస్త" అనేవాడు. నిజం చెప్పాలంటే చాలాసార్లు ఆయన ఇంకాస్త అన్నచోట నేను ఆపేశాను, ఆపింది మంచిదైంది.

అంతా బాగానే వచ్చింది గానీ వెనక వంపు దగ్గర చింత చేవ తన బుద్ధి చూపించింది. ఎడమవైపు, ఓడ పొట్ట ఒక్కసారిగా లోపలికి తిరిగేచోట, నల్ల బద్ద పసుపు బద్దను వదిలేసి ఉబికి వచ్చేసింది. మళ్ళీ జిగురు పెట్టాను. మళ్ళీ లేచింది. మేకు కొట్టాను. మేకుతో సహా లేచింది. మూడు రోజులు అదే గొడవ. నాలుగో రోజు మధ్యాహ్నం మా అయ్య రేవులో ఉన్నప్పుడు, ఇంక నా వల్ల కాక, మా పద్ధతిలోనే కుట్టేశాను. పసుపు బద్దకు ఏడు బెజ్జాలు, నల్ల బద్దకు ఏడు. దారం లోపలి నుంచి తెచ్చి, పైన వెంట్రుకంత గాడి తీసి అందులో అణిచి, లోపల ముడి వేసి లాగి బిగించాను. గాడిలో కర్ర పొడి, జిగురు కలిపి నింపాను. బెజ్జాలలో చింత చేవ చీలలు కొట్టి, పైన సమంగా కోసి, సొరచేప తోలుతో రుద్దాను. నల్ల బద్దలో చీలలు కలిసిపోయాయి. పసుపు బద్ద మీద మాత్రం ఏడు నల్ల చుక్కలు వరసగా నిలబడ్డాయి. బద్ద ఇంక కదల్లేదు. ఈ రోజుకీ కదిలి ఉండదు.

మా అయ్య ఆ సాయంత్రమే చూశాడు. నేను దాచలేదు. ఎలా లేచిందో, ఎలా కుట్టానో అంతా చెప్పాను. ఆయన ఎడమచేతి బొటనవేలితో చుక్కల మీద రాసి రాసి చూసి, "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అంటే మెచ్చుకున్నట్టే. ఆ రాత్రి నాకు అన్నం సహించింది.

ఓడను గడ్డిలో పెట్టి బండి మీద బంగళాకు తీసుకెళ్ళాం. తెరచాప కర్రలు అక్కడ నిలబెట్టాలి కాబట్టి నేనూ వెళ్ళాను. నిలబెట్టాక నన్ను వెనక గుమ్మం దగ్గరికి, పనివాళ్ళ ఆడవాళ్ళ పక్కకు పొమ్మన్నారు. ఆ రోజు బాబుగారింట్లో చుట్టాలు ఉన్నారు. పలాసలో రైలు దిగి వచ్చిన ప్లీడర్లు, టెక్కలి పెద్దలు. అందరూ ఓడ చుట్టూ మూగారు. గుమ్మం సందులోంచి నాకు అన్నీ కనపడుతున్నాయి. కొబ్బరి నూనె పట్టించిన పనస బంగారంలా మెరుస్తోంది, చేవ నల్లగా నిగనిగలాడుతోంది. ఒకాయన వంగి, చారలు వేలితో లెక్కపెడుతున్నాడు.

"నువ్వే చేశావా?" అని అడిగారు బాబుగారు.

"నానే బాబూ" అన్నాడు మా అయ్య, చెయ్యి పంచె మడతలో పెట్టుకుని.

అది తెలిసిందే. దానికి నేను సిద్ధపడే వచ్చాను. ఆ చారలు లెక్కపెట్టే ఆయన వెనక వంపు దగ్గర ఆగాడు. "ఈ చుక్కలేమిటి? ఒక్క పక్కనే ఉన్నాయే?" అన్నాడు. అందరూ అటు వంగారు. నేను గుమ్మాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు చెప్తాడు, చింత చేవ ఎలా లేచిందో, దాన్ని మా కుట్టు ఎలా ఆపిందో చెప్తాడు. పేరు నాది కాకపోతే పోయె, పని సంగతైనా చెప్తాడు.

మా అయ్య గుమస్తా వంక ఒకసారి చూశాడు. "దిష్టి సుక్కలు బాబూ. అంత అందంగా ఒచ్చినాది కదా, నలుగురి కళ్ళూ పడతాయని ఎట్టినాను."

హాలంతా ఘొల్లున నవ్వింది. ఎంత ముచ్చటైన మాట, ఎంత ముచ్చటైన మాట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. బాబుగారు అక్కడికక్కడే తన భుజం మీది పట్టు కండువా తీసి మా అయ్యకు కప్పారు. నా పక్కన ఉన్న వంటామె "మీ అయ్యకు ఎంత మాటకారితనమే" అని నన్ను పొడిచింది. నాలుగు రోజులు నన్ను ఏడిపించిన బద్ద, నా వేళ్ళు చీరుకుపోయిన ఏడు కుట్లు, దిష్టి చుక్కలట! పిల్లల బుగ్గన కాటుక పెట్టినట్టు పెట్టాడట!

ఇంటికి వచ్చాక మా అయ్య కండువా తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నీదేనే ఇది" అన్నాడు.

"ఇంట్లో నాదా? ఆ మాట ఆడ సెప్పాల. నువ్వే సేసినావని సెప్పుకో, నానొద్దన్నానా? మన కుట్టు మన కుట్టని సెప్పడానికి నీకేటయినాది?"

"కుట్టినామంటే ఆ గుమస్తా నవ్వడేటే?"

"నవ్వనీ! ఆడి నవ్వుకి దడిసి మన పనిని సుక్కలని సెప్తావా?"

ఆయన కండువా దండెం మీద వేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆ కండువా నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, మా అమ్మే మడత పెట్టింది.

అక్కడితో అయిపోయి ఉంటే నేనూ మరిచిపోయేదాన్నేమో. ఏడాది తిరక్కుండా గుమస్తా మళ్ళీ వచ్చాడు. ఈసారి ఓడ ఒక దొరగారికి బహుమానమట. అచ్చం అలాంటిదే కావాలి. "ఆ దిష్టి సుక్కలు మరిసిపోకు. ఈసారి రెండు పక్కలా ఎట్టు. హాల్లో ఓడ సూసిన దొరగారికి అదే నచ్చినాది" అన్నాడు. మా అయ్య సరే బాబూ అన్నాడు. చుక్కలు పెట్టడానికి అదేమైనా ముగ్గా!

"నాను సెయ్యను" అన్నాను, గుమస్తా వెళ్ళగానే. "నీ సుక్కలు నువ్వే ఎట్టుకో."

నేను పెరట్లో కూర్చుని తాడు పేనుతున్నాను. లోపల మా అయ్య పని మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో ఉలి, ముడుచుకుపోయిన కుడిచేత్తో సుత్తి. కర్ర చీలిన చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్ళీ. మా అమ్మ నా వంక చూసింది. లేవలేదు నేను. మూడు రోజులు అలా చీలుతూనే ఉంది. లేచి ఉండాల్సిందని ఒక్కోసారి అనిపిస్తుంది. మళ్ళీ ఆ హాలు, ఆ నవ్వు గుర్తొస్తే ఎందుకు లేవాలి అనిపిస్తుంది.

నాలుగో రోజు ఆయన చెప్పాపెట్టకుండా బంగళాకు వెళ్ళాడు. పొద్దు వాలే వేళకు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సెప్పీసినానే" అన్నాడు. "సెయ్యి పోనాదని సెప్పినాను. ఓడ నా కూతురు సేసినాదని సెప్పినాను."

"ఏటన్నారు?"

"నవ్వినారు. ఈ ముసిలోడికి పని తప్పించుకోడం బాగా తెలుసన్నారు."

అబద్ధం చెప్పినప్పుడు కండువా కప్పారు, నిజం చెప్తే నవ్వారు! మర్నాడు తెల్లారగానే పనస బద్ద ఒకటి, చేవ బద్ద ఒకటి, బరమా, దారం, చీలలు, ఉలి, తోలు, ఖాళీ కుండ మూట కట్టుకుని "పదయ్యా" అన్నాను.

బంగళా వరండాలో, బాబుగారూ గుమస్తా చూస్తుండగా, ఎవరినీ అడక్కుండా చతికిలబడి కుండలో నిప్పు చేసుకున్నాను. "ఏటిది, ఏటిది" అంటూ గుమస్తా అరిచాడు. బాబుగారు వాడిని ఆపారు. చేవ బద్దను వంచాను. లేచింది. వంచి, పనస పక్కన పెట్టి, బెజ్జాలు వేసి, కుట్టి, చీలలు దిగగొట్టి, అంచు కోసి, తోలుతో రుద్ది ఆయన ముందు పెట్టాను. పసుపు మీద నల్ల చుక్కలు. బాబుగారు దాన్ని అటూ ఇటూ తిప్పారు. వంచి చూశారు. హాల్లోకి వెళ్ళి ఓడ వెనక వంపు చూసి వచ్చారు. నవ్వు లేదు. గుమస్తా మొహం పాలిపోయింది.

"సరే" అన్నారు చివరికి. "పని బాగుంది. చెయ్యి. కానీ ముసలాయన పేరు మీదే ఉండాలి. ఆడదాని చేత చేయించి ఇచ్చానని దొరగారికి ఎలా చెప్పను? ఈ మాట ఈ వరండా దాటకూడదు. పడవల పని మీకే ఉంటుంది, భయపడకు."

నేను నోరు తెరిచాను. ఏం అనేదాన్నో నాకే తెలియదు, మంచి మాట మాత్రం అయి ఉండేది కాదు. కానీ నా కంటే ముందు మా అయ్య మాట్లాడాడు. కుడిచెయ్యి పంచె మడతలోంచి బయటికి తీసి, ఆ వంకర వేళ్ళు అందరికీ కనపడేలా పెట్టుకుని మాట్లాడాడు.

"సెయ్యదు బాబూ. నా కూతురు సెయ్యదు."

"పడవల పని పోతాది" అన్నాడు గుమస్తా.

"పోనీండి."

నేను తెల్లబోయి మూట కట్టుకున్నాను. పడవల పని ఆ వారంలోనే పోయింది, ఆ తర్వాత మేము వేరే ఊళ్ళలో చిన్న పడవలు కుట్టుకుని బతికాం. ఆ కథ వేరు.

తిరిగి వచ్చే దారిలో మా అయ్య నా కంటే ముందు నడుస్తున్నాడు. దారిలో కొబ్బరికాయలు దింపేవాడు ఒకడు ఎదురైతే ఆగి "బంగళాలో ఓడ నా కూతురు సేసినాదిరా" అన్నాడు. వాడికేం పట్టింది, తలూపి పోయాడు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమెకు చెప్పాడు. చెరువులో గేదెను కడిగేవాడికి గట్టు మీది నుంచి అరిచి చెప్పాడు. నాకు సిగ్గూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ప్లీడర్లు అడిగినప్పుడు మింగేసిన మాట ఇప్పుడు గేదెలవాడికి చెప్తే ఏం లాభం? "ఊరుకోవయ్యా" అన్నాను. వినలేదు.

ఊరి మొదట్లో, మాకు తెలియని బండివాడొకడు సోంపేట వైపు వెళ్తున్నాడు. మా అయ్య బండికి అడ్డం నిలబడి వాడికీ అదే చెప్పాడు. వాడు ఎడ్లను ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"ఏ ఓడ?" అన్నాడు.

మా అయ్య ఆయాసపడుతూ నా వంక తిరిగాడు.

"అది సెప్పడం నాకు రాదు. నువ్వు సెప్పవే" అన్నాడు.

చెప్పాను. ఎండలో, నడిరోడ్డు మీద, ఆ మొహమెరగని మనిషికి, కోపంగానే, మొదటి బద్ద నుంచి మొదలుపెట్టి చెప్పాను. మా అయ్య చక్రం పక్కన నిలబడి అంతా విన్నాడు.